పొట్టి గీతలు

పెట్టె టాక్సీలో పెట్టించి, భార్య మళ్ళీ గేటు దగ్గరికి వచ్చింది. అతను మెడలో కెమెరాతో అక్కడే నిలబడి ఉన్నాడు.

"వెళ్తున్నాను. మీరేమీ అనరా?"

"డోరు గట్టిగా వేసుకో. ఈ టాక్సీలవి సరిగ్గా పడవు."

"ఆ కార్లు చేసుకున్న పుణ్యం నేను చేసుకోలేదు. వాటినైతే కన్నార్పకుండా చూస్తారు."

పరుగెత్తే కార్లను ఫొటో తీయడం అతని పని. కారుతోపాటే కెమెరాను తిప్పుతూ నొక్కితే కారు నిలబడినట్టు స్పష్టంగా వస్తుంది. వెనకున్నవన్నీ చెదిరి పొడుగాటి గీతలైపోతాయి. తోడుగా వచ్చి రోడ్డు పక్కన నిలబడే భార్య ఇన్నేళ్ళూ ఆ గీతల్లోనే కలిసిపోయింది.

ఆమె ఎక్కిన టాక్సీ వీధి చివర తిప్పుకుని మళ్ళీ ఇంటి ముందు నుంచే వచ్చింది. అతని చేతులు వాటంతటవే కెమెరా ఎత్తాయి. నడుము టాక్సీతోపాటు తిరిగింది. నొక్కాడు. టాక్సీ మలుపులో కనుమరుగైంది.

ఏడుపేమీ రాలేదు. లోపలికెళ్ళి టీ పెట్టుకున్నాడు. అది చల్లారిపోయాక ఫొటో చూశాడు.

భార్య మొదటిసారి స్పష్టంగా వచ్చింది. కిటికీలోంచి అతన్నే చూస్తోంది. ఎదురింటి గోడ మాత్రం సరిగ్గా చెదరలేదు, గీతలు పొట్టిగా ఉన్నాయి. కారు వేగంగా పోతే గీతలు అలా ఉండవు.

అంటే అప్పుడు టాక్సీ అతని ముందుకొచ్చి నెమ్మదించింది. దాదాపు ఆగింది. దానికి తగ్గట్టు అతని నడుమూ నెమ్మదించింది. ఆ సంగతి అతనికే తెలియలేదు.

ఫొటోలో ఆమె చెయ్యి, ఆపమన్నట్టు, డ్రైవర్ భుజం మీద ఉంది.