ఉప్పు మనుషులు

"రాతి మనుషులా?" అని అడిగారు మామగారు, కాగితం మీద వేలు పెట్టి.

కోడలు దుప్పటి మడతపెడుతోంది. 

"గాలి మనుషులా? నాచు మనుషులా? పోనీ, ఉప్పు మనుషులా?"

దుప్పటి అంచులు కలవలేదు. విప్పి మళ్ళీ మొదటినుంచి మడిచింది. "నాకేం తెలుసు మావయ్యా, బొమ్మలు గీసుకునేదాన్ని" అంది. ఆయన తలూపి కాగితం జేబులో పెట్టుకున్నారు.

మామగారు ముప్పై రెండేళ్ళు రైళ్ళలో టికెట్లు తనిఖీ చేసి రిటైరైన మనిషి. మోకాళ్ళ ఆపరేషనయ్యాక మంచానికి అతుక్కుపోయి ఇంట్లో అందరినీ కాల్చుకు తింటుంటే, కొడుకు కాలక్షేపానికని కంప్యూటర్లో ఒక ఆట పెట్టిచ్చాడు. మాయలూ మంత్రాలూ ఉన్న లోకం, లక్షలమంది ఒకేసారి ఆడేది. ఇంకేముంది, ఆయన అందులో పడి మళ్ళీ లేవలేదు. అభిమానుల గుంపులో ఆయనకి 'టీసీ తాత' అని పేరు కూడా వచ్చింది. ఆ ఆట తయారుచేసే కంపెనీలో బొమ్మలు గీసేవాళ్ళు కావాలన్న ప్రకటన చూసి, కోడలి వెంటపడి దరఖాస్తు పెట్టించిందీ ఆయనే.

ఇప్పుడు ఆ ఆటలోకి మూడు కొత్త జాతులు వస్తున్నాయి. నచ్చిన జాతిలో పుట్టి ఆడుకోవచ్చట. ఏ జాతులన్నది మాత్రం చెప్పలేదు. గుంపంతా అన్నం నీళ్ళు మానేసి ఊహలు చేస్తోంది.

కోడలికి తెలుసు, అదే ఆమె ప్రాణానికొచ్చింది. పోయిన ఏడాది రెండుసార్లు గుట్టు బయటికి పొక్కిందని కంపెనీ ఎవర్నీ నమ్మడం మానేసింది. ఒక్క ముక్క దాటినా ఉద్యోగం ఊడుతుందనీ, పక్క కుర్చీవాళ్ళతో కూడా మాట్లాడకూడదనీ సంతకాలు పెట్టించుకున్నారు. నలభై రోజులుగా ఆమె గీస్తున్నది ఉప్పు మనుషుల్నే. వానొస్తే ఒకర్నొకరు తోళ్ళ కింద దాచుకునే జనం, ఏడిస్తే బుగ్గలు కరిగిపోయే జనం. వాళ్ళమీద ప్రాణం పెట్టేసుకుంది. నాలుగేళ్ళు పాఠ్యపుస్తకాలకి కప్ప పెరుగుదల గీసి గీసి విసిగిపోయిన మనిషి మరి. ఈ ఉద్యోగం పోతే మళ్ళీ ఆ కప్పలే గతి.

రెండ్రోజులకి మామగారు ఆటలోని మ్యాపు ముందేసుకు కూర్చున్నారు. ఉత్తరాన తెల్లటి ఎడారి ఎందుకుంది, దాని పక్క రేవు ఎందుకు మూసేశారు అని తనలో తనే గొణుక్కుంటున్నారు. కోడలి గుండెల్లో రాయి పడింది. వద్దంటే, అవునని చెప్పినట్టే. ఊరుకుంటే ఆయన గుంపులో రాసేస్తారు. మొగుడితో మొరపెట్టుకుంటే, నాన్న ఊహ ఎప్పుడు నిజమైంది గనక అని నవ్వి స్నానానికి పోయాడు.

చివరికి ఆమే ఒక ఉపాయం పన్నింది. సాయంత్రం టీ గ్లాసు అందిస్తూ, "నాకైతే గాలి మనుషులొస్తే బావుండనిపిస్తోంది మావయ్యా" అంది.

ఆయన గ్లాసు కింద పెట్టారు. "ఇన్నాళ్ళూ ఏదడిగినా నోరు విప్పనిదానివి, ఇవాళ నీ అంతట నువ్వొచ్చి గాలి అంటున్నావు. అంటే గాలి కాదన్నమాట." కాగితం తీసి గాలిని కొట్టేశారు. "టికెట్ లేనివాడూ ఇంతేనమ్మా. మనం అడక్కముందే ఎండల గురించి మొదలెడతాడు."

ఆ రాత్రికల్లా రాసేశారు. ఉప్పు మనుషులే వస్తున్నారనీ, రాయీ నాచూ అంతా ఉత్తదేననీ, కావాలంటే మ్యాపు చూసుకోమనీ. వానకి దాక్కుంటారని కూడా రాశారు. ఉప్పన్నాక వానకి దాక్కోక ఏం చేస్తుందిలే అని కోడలు తనకి తాను సర్దిచెప్పుకుంది. తెల్లారేసరికి పదకొండు వేలమంది చదివారు.

ఆఫీసులో విచారణ మొదలైందని నోటీసు వచ్చింది. కుడితిలో పడ్డ ఎలుకలా అయిపోయింది ఆమె. ఈ హాల్లో ఎంతమంది ఇదే పనిమీద ఉన్నారో, ఎవరని పట్టుకుంటారు అనుకుంటే కాస్త ధైర్యం వచ్చేది, అంతలోనే పోయేది. రాసింది తీసేయమని అడుగుదామని రెండుసార్లు మామగారి గది గుమ్మం దాకా వెళ్ళింది. లోపల ఆయన, తాతా తాతా అని అడిగేవాళ్ళందరికీ ఓపిగ్గా జవాబులు రాసుకుంటున్నారు. ఆపరేషన్ తర్వాత ఆయన ముఖంలో అంత వెలుగు ఆమె చూడలేదు. రెండుసార్లూ వెనక్కి వచ్చేసింది.

కొత్త జాతుల్ని ప్రకటించే రోజు మామగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని కంప్యూటర్ ముందు కూర్చున్నారు. మూడు జాతులూ వచ్చాయి. ఆయన కొట్టిపారేసిన నాచు మనుషులున్నారు, ఉప్పు మాత్రం లేదు. గుంపులో కుర్రకారు ఆయన్ని ఒక ఆట ఆడుకున్నారు.

"పట్టేశాననుకున్నానమ్మా" అన్నారు, తెర ఆపేసి.

కోడలికి ఆయన్ని చూస్తే జాలేసింది. తన ఉప్పు జనం రాలేదని కడుపు తరుక్కుపోయింది కూడా. వచ్చే ఏటికి దాచుంటారులే అనుకుంది. అన్నిటికంటే ముందు, పన్నెండు రోజుల తర్వాత హాయిగా ఊపిరి పీల్చుకుంది. తప్పైపోయిన ఊహని చూసి గుట్టు బయటపెట్టారని ఎవరంటారు?

మర్నాడు మేనేజరు పిలిచింది. కోడలు తేలిగ్గానే లోపలికి వెళ్ళింది. బల్ల మీద మామగారి రాత అచ్చు తీసి ఉంది, దాని పక్కన ఆమె గీసిన బొమ్మలు.

"ఇది రాసింది మీ మామగారేనా?"

"అవునండీ. కానీ నేను ఒక్క మాట కూడా చెప్పలేదు. ఆయనే మ్యాపు చూసి ఊహించుకున్నారు. అయినా అది తప్పైపోయింది కదండీ."

మేనేజరు కోప్పడలేదు. కాసేపు ఆ బొమ్మల్నే చూసి, మెల్లిగా అంది.

"ఉప్పు జాతి అసలు లేదండీ, మీ ఒక్కరికే చెప్పాం."