పై లిమిట్ స్విచ్

"వైరు ముక్కతో కలిపేయవయ్యా, పనైపోతుంది!" మగ్గాల హోరులో గొంతు చించుకున్నాడు సూపర్‌వైజర్.

మెకానిక్ కంట్రోల్ పెట్టె తెరిచి, లోపల వెలుగుతున్న ఎర్ర దీపం కేసి చూస్తున్నాడు. మిల్లులో సరుకు మోసే లిఫ్టు మూడో అంతస్తు దాటి, పై అంతస్తు చేరకుండానే ఆగిపోయింది. నూలు మూటలన్నీ కిందే పడి ఉన్నాయి.

"అసలు దాని రోగమేమిటి?"

"పైన గోడకి లిమిట్ స్విచ్ ఉంటుందండీ. లిఫ్టు హద్దు దాటితే దాని మీట నొక్కుకుని కరెంటు ఆగిపోతుంది. లేకపోతే వెళ్లి కప్పుకి గుద్దుకుంటుంది. ఇప్పుడు లిఫ్టు అక్కడిదాకా వెళ్లనేలేదు. మీట మాత్రం నొక్కుకునే ఉందని ఈ దీపం చూపిస్తోంది."

"అంటే స్విచ్ చచ్చిందన్నమాట. రోజూ నడిపే మీ మామగారి మాట తప్ప ఈ లిఫ్టు ఎవరి మాటా వినదు. సమయానికి ఆయనా లేడాయె."

"ఎక్కడికెళ్లారు?"

"ఎవరికి తెలుసు? పొద్దున ముఖం మాడ్చుకుని వచ్చాడు. ఏ మూటల చాటునో కునుకు తీస్తుంటాడు."

మెకానిక్ పెదవి కొరుక్కున్నాడు. పొద్దున ఇంట్లో మాటామాటా పెరిగింది. "లిఫ్టు కీచుమంటోంది, కాస్త చూడవయ్యా" అన్నాడు మామయ్య. "నా పని నాకు నేర్పకండి. మీరు బటన్లు నొక్కితే చాలు" అన్నాడితను. ఆయన కంచం ముందు నుంచి లేచి వెళ్లిపోయాడు.

జేబులో ఫోను మోగింది. భార్య.

"నాన్న ఫోనెత్తట్లేదండీ. తినకుండా వెళ్లారు. ఓసారి చూడరూ?"

"అలక. ఆకలేస్తే ఆయనే వస్తారు" అని పెట్టేశాడు. ఆ మాట తనకే రుచించలేదు.

సూపర్‌వైజర్ ఆగలేక బటన్ నొక్కి పట్టుకున్నాడు. దీపం టక్కున ఆరింది. లిఫ్టు ఒక్క కుదుపుతో కాస్త పైకి కదిలి, ఆగింది. దీపం మళ్లీ వెలిగింది.

"చూశావా? కొన ఊపిరి మీదుంది నీ స్విచ్! కలుపు, కలుపు. సాయంత్రం తీరిగ్గా మారుద్దువుగాని."

స్విచ్‌తో పనిలేకుండా కరెంటు పారేలా కలపడానికి మెకానిక్ వైరు కొసలు ఒలిచాడు. ఒకటి బిగించాడు. రెండోది పెట్టబోతుంటే దీపం మళ్లీ మిణుక్కుమంది. ఈసారి వెలగడానికి కాస్త ఆలస్యమైంది.

అతని చెయ్యి ఆగిపోయింది. మీట ఇరుక్కుంటే ఇరుక్కునే ఉండాలి. ఇలా వదులుతూ, బిగుస్తూ ఉండటమేమిటి?

వైరు పీకేసి, మెయిన్ కట్టేశాడు. "పైకెళ్లి చూసొస్తానండీ. అప్పటిదాకా దేన్నీ ముట్టుకోకండి."

"మామకి తగ్గ అల్లుడివయ్యా! చాదస్తంలో ఇద్దరూ ఇద్దరే!"

మొదటి అంతస్తు మామూలుగానే ఎక్కాడు. రెండోది దాటాక, ఎందుకో తెలియకుండానే పరుగందుకున్నాడు. పై అంతస్తులో తాళం తిప్పి, లిఫ్టు తలుపు పక్కకి లాగి, చీకట్లోకి టార్చి వేశాడు. కింద లిఫ్టు పైకప్పు మీద నూనె డబ్బా మెరిసింది. గోడ వెంబడే ఆ వెలుగుని స్విచ్ దాకా జరిపాడు.

మీటని నొక్కిపట్టుకున్నది మామయ్య చెయ్యి.