చెవిలో చెప్పిన పేరు

"అరోరా ఏంట్రా, ఢిల్లీ వాళ్ల ఇంటిపేరులాగా?"

ఉషారాణమ్మ గొంతు తగ్గించే అడిగింది. అమెరికాలో, నోవై ఊళ్లో, కొడుకు ఇంట్లో మనవరాలి బారసాల. కొడుకు శ్రీహర్ష అప్పటికే పళ్లెంలో పోసిన బియ్యం మీద ఉంగరంతో ఆ పేరు రాసేశాడు.

"దేవత పేరే అమ్మా. రోమన్ల దేవత."

"మనకి దేవతలు కరువయ్యారా?"

కోడలు ఉజ్వల ఏదో చెప్పబోయింది. ఈలోగా పంతులుగారు తొందరపెట్టారు. ఆయనకు మరోచోట గృహప్రవేశం ఉంది. "నాయనమ్మగారూ, పాప చెవిలో మూడుసార్లు పేరు చెప్పండి."

ఉషారాణమ్మ వంగి, కొంగు అడ్డం పెట్టుకుని, మూడుసార్లూ "సీతామహాలక్ష్మి" అంది. చెప్పింది అరోరానే అనుకుని అందరూ అక్షింతలు వేశారు.

అక్కణ్ణుంచి ఆమె మనసు మనసులో లేదు. నచ్చకపోతే నచ్చలేదని నలుగురిలో అనవచ్చు. దేవుడి ముందు, దీపం వెలుగుతుండగా, కన్నవాళ్లను మోసం చేయడమేమిటి? ఇంతకీ ఆ దేవుడు పిల్లకు ఏ పేరు ఖాయం చేసుకున్నాడో?

వచ్చినవాళ్ల కార్లన్నీ కదిలిపోయాక, పాపకు పాలు పడుతున్న కోడలి పక్కన వచ్చి కూర్చుంది.

"తప్పు చేశానమ్మా. చెవిలో మీరు పెట్టిన పేరు చెప్పలేదు. సీతామహాలక్ష్మి అన్నాను."

ఉజ్వల తలెత్తి చూసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అంత నచ్చలేదా అత్తయ్యా?"

"పేరు బాగానే ఉంది. పరాయి దేవత కదా అని..."

"పరాయి ఆవిడేం కాదు. పొద్దు పొడిచే ముందు వచ్చే దేవత. గ్రీకులు ఈయోస్ అన్నారు, రోమ్ వాళ్లు అరోరా అన్నారు. మన వేదంలోనూ ఉంది. మొదట్లో అంతా ఒకటే పేరట. ఒక్కో నోట్లో పడి ఒక్కోలా మారింది."

ఉషారాణమ్మకు ప్రాణం కొంచెం కుదుటపడింది.

"అలాంటప్పుడు మనవాళ్లు పిలిచే పేరే పెట్టచ్చుగా? ఏమంటారే ఆవిణ్ణి?"

ఉజ్వల పాప మూతి తుడుస్తూ తల వంచుకుంది.

"అది నేను అనకూడదు అత్తయ్యా. అత్తగారి పేరు పెట్టుకుంటే, రేపు ఇది అల్లరి చేసినప్పుడు ఎలా తిట్టను?"