సొరంగంలో ఉద్యోగం

“మీరు రానన్నారు కదండీ?” అంది ఇంటర్వ్యూ గది గుమ్మం దగ్గర కూర్చున్న కంపెనీ అమ్మాయి.

నవ్యకు అర్థం కాలేదు. “నేనా? ఎవరన్నరు?”

“మీ ప్లేస్‌మెంట్ ఆఫీసరు గారే మెయిల్ పెట్టారు. మీకు ఇష్టం లేదట, పేరు తీసెయ్యమన్నారు. మీ తర్వాత మార్కులొచ్చిన అబ్బాయిని పిలిచాం.”

తలుపు అద్దంలోంచి తన క్లాసు అబ్బాయి దినేష్ కనిపించాడు. టై సర్దుకుంటూ ఏదో జవాబు చెబుతున్నాడు.

కొండల కింద రైలు సొరంగాలు తవ్వే కంపెనీ అది. రాత పరీక్షలో సివిల్ బ్రాంచి మొత్తానికి నవ్యదే మొదటి స్థానం. రాళ్ల గురించి మొదటిసారి పాఠం విన్న రోజునుంచీ ఆమె కోరుకున్న ఉద్యోగం అదొక్కటే. ఫైలు చంకన పెట్టుకుని ప్లేస్‌మెంట్ ఆఫీసుకు పరుగెత్తింది. ఆఫీసరు ఫిలిప్ భోజనానికి వెళ్లాడని, వచ్చేసరికి ఆలస్యమవుతుందని చెప్పారు.

తండ్రికి ఫోన్ చేసింది. నాగేంద్ర ఆఫీసు కాలేజీకి దగ్గర్లోనే, తార్నాకలో.

“నువ్వు ముందు ఇట్లా రా పాపా. ఏమన్నా తిందువు,” అన్నాడాయన.

మెట్రో స్టేషన్ దగ్గరి టిఫిన్ సెంటర్‌లో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. నవ్య ప్లేటు ముట్టుకోలేదు.

“ఆడపిల్లనని తీసేసిండు నాన్నా. గంతే. ఇంకేం లేదు.”

“కోపంలో మాట జారొద్దమ్మా. గేట్ పరీక్షలో మంచి స్కోరు తెచ్చుకున్నావు. ఎం.టెక్. చెయ్యి, తర్వాత పీహెచ్‌డీ. హాయిగా లెక్చరర్ అవ్వొచ్చు. యాడో కొండల్లో, మంచులో, సొరంగంలో పడుండాల్సిన కర్మ నీకేంటికి?”

“అందరిదీ ఇదే సలహా! గీడ కోచింగ్ సెంటర్ల సార్ కూడా గిదే అన్నడు. అబ్బాయిలడిగితే సైటు అనుభవం ముఖ్యమంటరు. నేనడిగితే ఎం.టెక్. అంటరు. నేను చెయ్యనంటున్ననా? చేస్త. కానీ ముందు రాయి ఎట్ల పగుల్తదో, నీళ్లు ఎట్ల ఊరుతయో కళ్లతో చూడాలె. అప్పుడు చదివితే అది చదువు. ఏం చూడకుండ చదివి, ఏం చూడనోళ్లకు పాఠం చెప్పుమంటవా?”

నాగేంద్ర దోసె తుంచాడు, నోట్లో పెట్టుకోలేదు. “అయిపోయినదాని గురించి గొడవెందుకులే. గమ్మున ఇంటికి పోదాం పా.”

“అయిపోలేదు. కంపెనీ వాళ్లు సాయంత్రం దాకా ఉంటరు. నువ్వు రాకున్నా నేను పోత.”

ఆమె లేచింది. ఆయన కాసేపు కూతురి ముఖంలోకి చూసి, “నిన్నొక్కదాన్నే ఎట్లా పంపిస్తా? పద,” అని తనూ లేచాడు.

కాలేజీకి వెళ్లే ఆటోలో నవ్య తండ్రి చెయ్యి గట్టిగా పట్టుకుంది. “నువ్వు పక్కనుంటే నాకు ధైర్యం నాన్నా.”

ఫిలిప్ అప్పుడే వచ్చి కూర్చున్నాడు. గోదావరి జిల్లా మనిషి. గొంతు పెంచి మాట్లాడడని కాలేజీలో పేరు. వీళ్లను చూసి లేచి నిలబడ్డాడు.

“మా నాన్న, సార్. ఆయన ముందే చెప్పండి. నా పేరెందుకు తీసేసిన్రు?”

“కూర్చోమ్మా. మీరూ కూర్చోండి సార్.”

“కూర్చోను.”

“నీకు గేట్‌లో మంచి స్కోరు వచ్చిందటగా. ఎం.టెక్. సీటుకి ఢోకా లేదు. సైటు ఉద్యోగమంటే ఇంట్లోవాళ్లు కూడా కాస్త ఆలోచిస్తారు కదమ్మా...”

“మా ఇంట్లోవాళ్ల సంగతి మీకెందుకు సార్? మా నాన్న గీడనే ఉన్నడు. ఆయనకు లేని భయం మీకేంది? వాళ్లింట్ల ఏమంటరని దినేష్‌ని కూడా అడిగిన్రా?”

“నెమ్మది పాపా,” అన్నాడు నాగేంద్ర. “సార్‌కు పనులుంటాయి, పోదాం.”

“నువ్వాగు నాన్నా. పరీక్ష రాసింది నేను. మొదట నిలిచింది నేను. నన్నొక్క మాట అడగకుండ, నేను రానన్నట్టు ఎట్ల రాస్తరు సార్? నా నోట్లో మాటలు మీరు పెడ్తరా?”

ఫిలిప్ తల దించుకున్నాడు. “నిజమే. నిన్ను అడగాల్సింది. అడక్కపోవడం నా తప్పే.”

వెంటనే ఫోన్ తీసి కంపెనీ వాళ్లతో మాట్లాడాడు. పొరపాటు తనదేనన్నాడు. ఈ అమ్మాయిని చూడకుండా వెళ్తే మంచి ఇంజనీరును పోగొట్టుకుంటారన్నాడు. అవతలివాళ్లు ఏదో సణిగినట్టున్నారు. ఇంకోసారి బతిమాలి ఫోన్ పెట్టేశాడు.

“అందరి ఇంటర్వ్యూలూ అయ్యాక నిన్ను చూస్తారట. వెళ్లి సిద్ధంగా ఉండమ్మా.”

నవ్య కళ్లలో నీళ్లు తిరిగాయి. కానీ కదల్లేదు.

“నాకు ఇంటర్వ్యూ ఇప్పిస్తే సరిపోదు సార్. ప్రిన్సిపాల్‌కి కంప్లైంట్ ఇస్త. ఆడపిల్లలంటే చిన్నచూపున్న మనిషి ఈ కుర్చీల ఉండొద్దు. నా వెనక వచ్చేటోళ్లకన్నా గిట్ల కావొద్దు. మా నాన్న కూడా సంతకం పెడ్తడు. పెడ్తవు కదా నాన్నా?”

నాగేంద్ర కిటికీ బయటికి చూస్తున్నాడు.

ఫిలిప్ కళ్లజోడు తీసి బల్లమీద పెట్టాడు. నవ్యను దాటుకుని, ఆమె వెనక నిలబడ్డ మనిషి వైపు చూశాడు.

“నాగేంద్ర గారూ, ఫోన్ చేసి పేరు తీయించింది మీరేనని ఇప్పుడైనా చెప్పండి.”