కొలత తీయని చొక్కా

“లైటు స్విచ్చి ఎక్కడుందిరా?” పడకగదిలోకి అడుగుపెడుతూ అడిగాడు టైలరు.

స్నేహితుడు గోడంతా తడిమాడు.

“తలుపు వెనకాల, తమ్ముడూ!” హాల్లోంచి ఎవరిదో గొంతు.

టైలరు వెనక్కి తిరిగి చూశాడు. సోఫా పక్కన నిలబడి ఓ పెద్దాయన దుప్పటి మడతపెడుతున్నాడు. చొక్కా కాలరు అరిగి దారాలు లేచాయి.

“ఎవరురా ఈయన?” గొంతు తగ్గించి అడిగాడు.

“మనవాడే. లారీ నడుపుతాడు. ప్రస్తుతానికి... ఇక్కడే ఉంటున్నాడు.” స్నేహితుడు కిటికీ తెర సర్దడంలో పడ్డాడు.

టైలరుకు అంతా అర్థమైపోయింది. దేశం కాని దేశంలో చెమటోడ్చి స్నేహితుడు ఇల్లు కొనుక్కుంటే, ఏకై వచ్చి మేకై కూర్చున్నాడన్నమాట!

ఇల్లు కొన్నానని స్నేహితుడు ఫోన్లో చెప్పిన రోజు వీధంతా మిఠాయిలు పంచింది టైలరే. దాన్ని కళ్లారా చూద్దామనే ఇప్పుడు విమానం ఎక్కాడు.

సంచిలోంచి కొత్త చొక్కా తీసి ఇచ్చాడు. పాత కొలతలతో కుట్టాడు. స్నేహితుడు తొడుక్కుంటే భుజాలు జారిపోయాయి.

“ఏంట్రా ఇలా అయిపోయావు? నీ తిండి కూడా ఆయనే తింటున్నాడా?”

స్నేహితుడు నవ్వలేదు.

మర్నాడు స్నేహితుడు పనికి వెళ్లాక పెద్దాయన టీ తెచ్చిచ్చాడు.

“పదండి మాస్టారూ, అలా ఊరు చూసొద్దాం. మీ కోసమే సెలవు పెట్టాను.”

“వాడొచ్చాక వాడితో వెళ్తాలెండి.”

ఆ తర్వాత కూడా అదే పిలుపు, అదే జవాబు.

ఈలోగా టైలరు కళ్లు ఊరుకోలేదు. పడకగదిలో దుప్పట్లు ఏ సొరుగులో ఉంటాయో పెద్దాయనకే తెలుసు. ఆ గది స్నానాలగదిలో కుళాయి ఎటు తిప్పితే వేణ్నీళ్లొస్తాయో ఆయనకే తెలుసు. పక్కింటావిడకి ఏం కావాలన్నా ఆయన్నే పిలుస్తుంది. బీరువా నిండా ఆయన బట్టలే. పాపం, ఇంటివాడు మాత్రం తన బట్టలు సూట్‌కేసులోంచి తీసుకుంటున్నాడు!

టైలరుకు ఒళ్లు మండింది.

ఓ ఉదయం అతను స్నేహితుడి చొక్కా భుజాలు విప్పి మళ్లీ కుడుతున్నాడు. పెద్దాయన వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

“మాస్టారూ, నాకూ ఓ చొక్కా కుడతారా? మనవాళ్ల కుట్టు వేసుకుని ఏళ్లయింది.”

అంటూనే చిన్నపిల్లాడిలా చేతులు చాచాడు. టేపు టైలరు మెడలోనే ఉంది.

“చొక్కా సంగతి తర్వాత. ఓ మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. వాడింట్లో ఇంకా ఎన్నాళ్లుంటారు? వాడు మొహమాటస్తుడు, పొమ్మనలేడు. మీకైనా ఉండాలి కదా!”

చాచిన చేతులు మెల్లగా దిగిపోయాయి.

“నిజమే మాస్టారూ,” అన్నాడాయన. “తమ్ముడి కోసం ఇంతలా మాట్లాడే మనిషి ఉన్నాడు. అది చాలు.”

కప్పులు కడిగి బోర్లించాడు. చిన్న సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

“అర్జంటు లోడు వచ్చిందట, చాలా దూరమట,” అన్నాడు స్నేహితుడు సాయంత్రం వచ్చి, అయోమయంగా.

టైలరు తల వంచుకుని చొక్కా కుట్టుకుంటూ పోయాడు. కానీ ఆ చాచిన చేతులు అతన్ని వదల్లేదు. గుడ్డకి కత్తెర పెట్టేముందు ఒకటికి రెండుసార్లు కొలవమని పనివాళ్లకి చెప్పే మనిషి తను. అలాంటిది ఒక్కసారైనా కొలవకుండా మాట విసిరేశాడు. కాలు జారితే తీసుకోగలం, నోరు జారితే తీసుకోలేం. ఊరంతా తిరుగుతున్నా అతనికి ఏదీ కంటికి ఆనలేదు.

తిరుగు ప్రయాణం రోజు విమానాశ్రయంలో ఇక ఆగలేకపోయాడు.

“ఒరేయ్, ఆయన కొలతలు పంపించు. చొక్కా కుట్టి పంపుతాను. ఆయన్ని ఓ మాట అనేశాను.”

“ఏమన్నావు?”

చెప్పాడు.

స్నేహితుడు సామాను ట్రాలీ పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

“ఫోన్ చెయ్యరా. తప్పైపోయిందని చెప్పుకుంటాను.”

అవతల ఫోన్ మోగింది. ఎవరూ ఎత్తలేదు.

“బండి నడిపేటప్పుడు ఎత్తడు,” అన్నాడు స్నేహితుడు.

విమానం ఎక్కేవాళ్లని లోపలికి పిలుస్తున్నారు. టైలరు సంచి అందుకున్నాడు.

“ఆయన రాగానే నా మాటగా చెప్పరా. నీ సోఫా మీద ఎన్నాళ్లైనా ఉండమన్నానని చెప్పు.”

స్నేహితుడు తల దించుకున్నాడు.

“ఆ సోఫా మీద రోజూ పడుకునేది నేనురా,” అన్నాడు. “ఇల్లు ఆయనది... నువ్వొస్తున్నావని తెలిసి, నా పరువు కోసం నన్ను ఇంటివాణ్ణి చేసి తను సోఫా మీదకి మారాడు.”