పదకొండో గొంతు

“ఆ ముక్క మూడుసార్లు ఎందుకే తల్లీ? వినేవాళ్లకి చెవుడనుకుంటున్నావా?” ఇస్త్రీపెట్టె పక్కన నిలబెట్టి అడిగింది పిన్ని.

“కేసెట్టులో ఆవిడ అలాగే పాడింది పిన్నీ.”

“ఆవిడకేం, పాడేసి హాయిగా వెళ్లిపోయింది. రేపు పరీక్ష నీకు.”

గువ్వ మరో చొక్కా అందుకుంది. నలుగురిలో నోరు విప్పదని ఇంట్లో ఆమెకు పెట్టిన పేరు అది. పాశ్చాత్య సంగీతం నేర్పే పాఠశాలలో ఒక్క సీటే మిగిలింది. వచ్చే ఏడాదికి ఆమెకు వయసు దాటిపోతుంది. రేపు కాకపోతే ఇక ఈ లాండ్రీలో చొక్కాలకు పాటలు వినిపించుకోవాల్సిందే.

ఆ కేసెట్టు బాబాయి తెచ్చాడు, తను పనిచేసే పాత సామాన్ల కొట్టు నుంచి. బ్రిటన్ పల్లెపాటలు, పదహారు మంది పాడినవి, ఒక్కచోట కూర్చిన ఆల్బమ్. మొదటిసారి విన్నరోజు గువ్వ చేతిలో చొక్కా చేతిలోనే ఉండిపోయింది. గొర్రెలు కాసేవాడు, వలలు అల్లే ముసలాయన, పాలు పితికే అమ్మాయి. చాలా పాటలకు వాద్యాలే లేవు. పాటకు ముందు వాళ్లు ఊపిరి తీసుకోవడం కూడా వినిపించింది. ఎవరినో మెప్పించాలని కాదు, పని చేసుకుంటూ మనసులో మాట చెప్పుకుంటున్నట్టు పాడారు. ఇలా కూడా పాడొచ్చా! అయితే తనూ పాడొచ్చు.

పదకొండో గొంతు ఒక జాలరి భార్యది. బాబాయి నిఘంటువు ముందేసుకుని కుస్తీ పట్టి అర్థం చెప్పాడు. ‘అల వచ్చింది, నువ్వు రాలేదు.’ ఆ ‘నువ్వు రాలేదు’ దగ్గరే ఆమె ఆగిపోయేది. మళ్లీ అదే మాట. మళ్లీ అదే. ఆ తర్వాత గొంతుకేదో అడ్డుపడ్డట్టు సగం మాట మింగేసి తర్వాతి చరణంలోకి వెళ్లిపోయేది. కన్నీళ్లు కనబడకుండా ఇంత బాగా ఎవరేడవగలరని గువ్వ ఎన్నిసార్లు అనుకుందో.

మర్నాడు ముగ్గురు పరీక్షకుల ముందు కళ్లు మూసుకుని ఆ పాటే పాడింది. ఆ ముక్క దగ్గరికి రాగానే పిన్ని మాట గుర్తొచ్చింది. అయినా మూడుసార్లూ పాడింది. సగం మాట మింగేసింది.

పాట అయింది.

“మధ్యలో మర్చిపోయి తడుముకున్నావా?” అన్నాడు చివర కూర్చున్న మాస్టారు.

“లేదండీ. ఆవిడ భరించలేక అలా పాడింది.”

“పాటల పుస్తకంలో ఒక్కసారే ఉందమ్మా.”

“పుస్తకానికి ఏడుపు రాదు కదండీ.”

అనేశాక నాలుక కరుచుకుంది.

మధ్యలో కూర్చున్న పెద్ద మేడమ్ కళ్లజోడు తీసి తుడుచుకుంది. కాగితం మీద సంతకం పెట్టి మిగతా ఇద్దరి ముందుకూ జరిపింది. “సీటు ఈ పిల్లదే. మీరు కాదంటారా?”

ఇద్దరూ కాదనలేదు.

గువ్వ కాళ్లు నేలమీద ఆనడం లేదు. పిన్నికి చెబుదామని బయటికి పరిగెత్తబోతుంటే వరండాలో మేడమ్ ఆపింది.

“ముప్పై ఏళ్లుగా ఈ పాట నేర్పుతున్నాను. ఇవాళే మొదటిసారి విన్నట్టుంది. రికార్డు ఎక్కడ దొరికింది నీకు?”

“రికార్డంటే నేనెప్పుడూ చూడలేదండీ. కేసెట్టే. దానిమీద పచ్చ సిరాతో...”

“‘పదహారు గొంతులు’ అని ఉంటుంది.”

“మీకెలా తెలుసండీ?”

“నా రాతే కాబట్టి. కాలేజీలో ఉండగా స్నేహితురాలి రికార్డు తిప్పి కేసెట్టులోకి ఎక్కించుకున్నాను. ఇల్లు మారినప్పుడు పోయింది.” మేడమ్ ఆమె భుజం మీద చెయ్యి వేసింది. “నువ్వు మాత్రం ఎప్పుడూ అలాగే పాడు. ఎవరు చెప్పినా మార్చకు.”

“ఎందుకు మారుస్తానండీ? ఆవిడే అలా పాడితే!”

మేడమ్ గది తలుపు వైపు ఓసారి చూసి గొంతు తగ్గించింది.

“ఆవిడ ఒక్కసారే పాడిందమ్మా, రికార్డు మీది గీతలో ఇరుక్కుని అదే ముక్క తిప్పుతున్న ముల్లుని మూడోసారికి నేనే వేలితో జరిపాను.”