శిక్షణలో మూడో నెల

"యంత్రం పేరు రాస్తే పైవాళ్ళు ఒప్పుకోరమ్మా. మనిషి పేరు కావాలి," అంటూ మేనేజరు నివేదికను తన దగ్గర పని నేర్చుకుంటున్న అమ్మాయి ముందుకు తోశాడు. అందులో బాధ్యులన్న చోట పెద్ద నర్సు పేరు ముందే రాసి ఉంది.

ఆ అమ్మాయి ఆ ఆరోగ్య కేంద్రంలోనే నర్సుగా చేసి, మూడు నెలలుగా అతని దగ్గర మేనేజరు పని నేర్చుకుంటోంది. వచ్చే నెల నుంచి ఆ కుర్చీ ఆమెదే. ఇంతలో టీకాల ఫ్రిజ్ చెడిపోయి, రెండొందల మంది పిల్లల మందు పాడైపోయింది.

"ఫ్రిజ్ సరిగా పనిచేయట్లేదని పెద్ద నర్సక్క మూడుసార్లు రాసిచ్చింది కదండీ. ఆ ఉత్తరాలు మీ సొరుగులోనే చూశాను."

"నేనూ చూశాను. ఇప్పుడు లేవు," అన్నాడతను నింపాదిగా. "నువ్వు సంతకం పెట్టకపోతే నీకు కుర్చీ కూడా ఉండదు. ఆవిణ్ణి పిలిపిస్తున్నా. నువ్వే చెప్పు. ఇదీ నేర్చుకోవాల్సిన పనే."

పెద్ద నర్సు చేతులు తుడుచుకుంటూ వచ్చింది. నివేదికలో తన పేరు చదివింది. మేనేజరు వంక చూడనే లేదు.

"అమ్మాయ్, నేను రాసిచ్చిన ఉత్తరాలు నువ్వు చూశావుగా?"

ఆమె కలం అందుకుంది.

"ఏ ఉత్తరాలక్కా?" అంటూ సంతకం పెట్టేసింది.

పెద్ద నర్సు ఏడవలేదు, తిట్టలేదు. మెడలోని గుర్తింపు కార్డు తీసి బల్ల మీద పెట్టింది.

"మొట్టమొదటి సూది వేసిన రోజు నీ చెయ్యి గడగడా వణికిపోతే, నేను పట్టుకుని వేయించాను. ఇప్పుడు అస్సలు వణకలేదే తల్లీ," అంది.

ఆమె తన చేతి వంక చూసుకుంది. నిజమే, వణకలేదు.